అద్దం బల్ల మీద రంపం

బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఊళ్లో సగం మందికి ఆమె గొంతు తెలుసు, ముఖం తెలియదు. కూరగాయల కొట్లో ఆమె నోరు విప్పితే చాలు, పక్కన నిలబడ్డవాళ్లు బస్సు వచ్చేసిందేమోనని సంచులు సర్దుకునేవారు.

అంత గొంతున్న మనిషికి ఉండవలసిన ధైర్యం మాత్రం ఆమెకు లేదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. మైకు మీట నొక్కే ముందు చేతిలోని కాగితం మీద అంకెను వేలు పెట్టి మళ్లీ చూసుకునేది. చెప్పాక కూడా కిటికీలోంచి తొంగిచూసి, జనం సరైన వైపే పోతున్నారని తేలితేగాని ఊపిరి వదిలేది కాదు. భర్త ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఆయన పూర్తిగా వేరే రకం. నిప్పుల మీద కూర్చోబెట్టినా "కాస్త వెచ్చగా ఉన్నట్టుందే" అంటాడు. ఇద్దరి భయాన్నీ తానొక్కతే పడాల్సి వస్తోందని మైకమ్మ బాధ.

ఆమెకున్న ఒకే ఒక్క విశ్రాంతి చెక్కపని. పక్కవీధి బడిలో చేతిపనుల గది ఎత్తేసి సామాను బయట పెట్టినప్పుడు, సన్నటి పళ్లున్న ఒక విల్లు రంపం అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు. మొదట పలుచటి చెక్కలోంచి ఒక బాతును కోసింది. అది బాతులా లేదు, ముక్కున్న చెప్పులా ఉంది. అయినా వదల్లేదు. తాబేళ్లు, ఏనుగులు, చక్రాల మీద దొర్లే గుర్రాలు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. రంపం కదులుతున్నంతసేపూ ఆమె బుర్రలో ఏ బస్సూ ఆలస్యమయ్యేది కాదు.

చిక్కల్లా చోటుతోనే. వంటగట్టు మీద కోస్తే రంపపు పొట్టంతా గిన్నెల్లో పడేది. "ఇవాళ కూరలో ఏనుగు పడిందోయ్, తొండం పంటికింద తగిలింది" అనేవాడు భర్త. భోజనాల బల్ల మీద కోస్తే గాట్లు పడేవి. నేల మీద కూర్చుంటే నడుము లేవనిచ్చేది కాదు.

అప్పుడు ఆమె కన్ను వెనక గదిలోని అద్దం బల్ల మీద పడింది.

అది అత్తగారిది. కింద సొరుగులు, పైన రెండు కర్రల మధ్య నిలువుటద్దం. అత్తగారు పోయినప్పటినుంచీ దాని మీద పాత దుప్పట్లు, ఎవరూ వేసుకోని స్వెటర్లు గుట్టపడి ఉన్నాయి. అద్దంలో ముఖం చూసుకోవాలంటే ముందు దుప్పట్ల కొండ ఎక్కాలి. కానీ చెక్క మాత్రం గట్టిది. తడితే కంచులా మోగేది. సొరుగుల్లో పనిముట్లు పెట్టుకోవచ్చు, పైన మందపాటి పలక వేసి, కోసే చెక్కను కదలకుండా పట్టే వైసు బిగించుకోవచ్చు. రోజూ ఆ గదిలోకి వెళ్లి దాని చుట్టూ తిరిగేది. టేపు పెట్టి కొలిచేది. కొలిచి బయటికొచ్చేసేది.

ఎందుకంటే, అత్తగారి సామాను సర్దిన రోజున ఆడపడుచు ఆ బల్ల మీద చెయ్యి వేసి ఒక మాట అంది. "ఇది ప్రస్తుతానికి ఇక్కడే ఉండనీ. నాకంటూ ఒక ఇల్లు అమిరినప్పుడు తీసుకెళ్తా." ఆ మాట అని చాలా ఏళ్లయింది. ఆ తరువాత ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.

ఆడపడుచు భర్తకు అక్క, పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే జ్వరాలు కూడా లేచి నిలబడతాయని భర్తే అనేవాడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న సామెత మైకమ్మ విషయంలో తప్పు, ఎందుకంటే మొగుడికి ఆమె అందులో పావువంతు కూడా భయపడేది కాదు.

"వదినకు ఒక్క మాట చెప్పి మొదలుపెడదామండీ" అంది ఒకరోజు.

"అక్క ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. నిద్రపోయేదాన్ని లేపడం దేనికి? కోసుకో" అన్నాడాయన పేపరు తిప్పుతూ.

ఆమె ఫోను తీసింది. నంబరు నొక్కింది. అవతల మోగకముందే పెట్టేసింది. మరునాడూ అంతే. "ఎందుకు చేశావ్?" అని అడిగితే ఏం చెప్పాలి? "మీ అమ్మ బల్లను కొయ్యాలనుకుంటున్నా" అని ఎలా అనడం? వద్దంటే? వద్దనడమే కాక, అసలు ఆ ఆలోచన ఎలా వచ్చిందని నిలదీస్తే? అడగడానికి ఎంత భయపడిందంటే, చివరికి కొయ్యడమే తేలికనిపించింది. ఈ సంగతి ఆమెకు అప్పుడు తెలియలేదు, తరువాత తెలిసింది.

సెలవురోజు పొద్దున దుప్పట్లు దించి, వెనక స్క్రూలు విప్పి, అద్దాన్ని భార్యాభర్తలిద్దరూ చెరోవైపు పట్టుకుని దించారు. దుప్పటి చుట్టి మంచం వెనక గోడకు ఆనించారు. ఆ తరువాత పని తనదే. పై పలక మరీ నునుపు, దాని మీద పెట్టిన చెక్క నిలవదు. అందుకని దాన్ని పూర్తిగా ఊడదీసి, మంచం కిందికి తోసి, దాని చోట మందపాటి కొత్త పలక వేసింది. రంపం ఆడిస్తే బల్ల ఊగిపోయింది. వెనక రేకులాంటి పలుచటి చెక్కను తీసేసి గట్టి ప్లైవుడ్ బిగించింది. అయినా ఊగింది. దోషం కాళ్లది. నాలుగు కాళ్లూ కింద గుండ్రంగా, సన్నగా, పాల సీసా మూతిలా ఉన్నాయి.

వాటి ముందు చతికిలబడి చాలాసేపు కూర్చుంది. అద్దం మళ్లీ బిగించవచ్చు, పలక మళ్లీ వెయ్యవచ్చు. కాళ్లు కోస్తే మాత్రం మళ్లీ రావు. లేచి నీళ్లు తాగి వచ్చింది. తాను చేసేది తప్పేమోనన్న భయం కంటే ఈ పని సగంలో ఆగిపోతుందేమోనన్న భయం ఎక్కువై, రంపం పెట్టి కోసేసింది. కాళ్ల చోట మందపాటి దిమ్మలు బిగించింది. బల్ల లేచింది, నిలిచింది, ఊగలేదు. ఎడమ మూలన ముందుచెక్కకు గాడి కోసి వైసు పెట్టింది. సొరుగుల్లో అడ్డచెక్కలు వేసి ఉలులు ఒకదానిలో, గరుకు కాగితాలు ఒకదానిలో, మేకులూ స్క్రూలూ ఒకదానిలో సర్దింది. అన్నీ సర్దాక దాని ముందు నిలబడితే, జీవితంలో మొదటిసారి ఏదో ఒకటి తన ఎత్తుకు సరిపోయిందనిపించింది.

ఆ ఆనందం ఇంకా పాతబడకముందే ఫోను మోగింది.

"ఏమ్మాయ్, ఇల్లు అమిరింది" అంది వదిన. "చిన్నదే, కానీ నాది. పడగ్గదిలో కిటికీ పక్కన ఒక గోడ ఖాళీగా ఉంది. అమ్మ బల్ల సరిగ్గా పడుతుంది. ఈ ఆదివారం వ్యాను మాట్లాడుకుని వస్తున్నా."

మైకమ్మ నోట్లోంచి "మంచిదండీ" అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు. వేలమందికి దారి చెప్పే గొంతు ఆ పూట బొంగురుపోయింది. భర్త ఇంటికి వచ్చేసరికి ఆమె కోసేసిన కాళ్లను జిగురు పెట్టి అతికించగలనా అని వాటిని ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"అతికించి? పైన కొత్త పలక, పక్కన వైసు. అద్దం బల్లకు మీసాలు మొలిచాయని చెబుతావా?" అన్నాడాయన.

"మీరే కదండీ కోసుకో అన్నారు!"

"అన్నాను. ఇప్పుడూ ఒకటి అంటాను విను. చెదలు పట్టిందని చెప్పేద్దాం. బాగున్న చెక్కతో ఇలా చేశాం అని. చెదలు ఎవరి మాట వింటాయి?"

వద్దనడానికి ఆమెకు ఓపిక లేదు, సరేననడానికి ధైర్యం లేదు. ఆ వారమంతా అబద్ధాన్ని సాధన చేసింది. "గమనించగలరు, చెదల కారణంగా అద్దం బల్ల..." అని మనసులో అనుకుంటే అచ్చం బస్సు రద్దయినట్టే వినిపించేది. బస్టాండులో ఒకసారి ఒక ప్లాట్‌ఫారం బదులు ఇంకొకటి చెప్పి, జనం అటు పరుగెత్తడం చూసి, చెమటలు కక్కుకుంటూ సరిదిద్దింది. అన్నం సహించలేదు. వర్షం పడి దారులు మూసుకుపోతే బాగుండునని కూడా అనుకుంది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

ఆదివారం వ్యాను గుమ్మం ముందు ఆగింది. వదిన దిగింది. తాడు కట్ట, పాత దుప్పటి తనే తెచ్చుకుంది, బల్ల గీసుకుపోకుండా. ఆ దుప్పటిని అందుకోబోయి మైకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, ముందు టీ తాగు" అన్నాడు భర్త. "ఒక మాట చెప్పాలి. బల్లకు చెదలు..."

"చూపించు" అంది వదిన. రోగి కడుపునొప్పి అంటే ఎక్కడో చూపించమన్నట్టే అంది. చెప్పులు విడిచి నేరుగా వెనక గదిలోకి నడిచింది.

మైకమ్మ తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడి చూసింది. వదిన బల్ల మీద చెయ్యి వేసి, కొత్త పలక మీదుగా వైసు దాకా వేళ్లు జరిపింది. వంగి కాళ్ల వైపు చూసింది. ఒక సొరుగు లాగింది. అందులో పడుకున్న ఉలులను చూసి మళ్లీ మూసింది.

"చెదలు ఎక్కడ?" అంది.

"లేవు వదినా" అంది మైకమ్మ. "చెదలు పట్టలేదు. నేనే కోశాను. మీకు ఫోను చేశాను, మోగకముందే పెట్టేశాను. అడిగితే వద్దంటారని భయం."

భర్త వెనక నుంచి ఏదో సర్దిచెప్పబోయాడు. "నువ్వుండరా" అంది అక్క. ఆయన ఉన్నాడు.

"వద్దనేదాన్నే" అంది వదిన మెల్లిగా. స్టూలు లాక్కుని కూర్చుంది. "అద్దం ఏది? అదీ కోశావా?"

"లేదు. మంచం వెనక ఉంది."

చెప్పిందేగానీ, ఆ రోజు ఆనించిన తరువాత ఆమె దాన్ని మళ్లీ చూడలేదు. మంచం ఎన్నిసార్లు జరిపారో, ఎన్నిసార్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలిందో. దుప్పటి విప్పింది. మూల దగ్గర ఏదో గీతలా కనిపించి ప్రాణం పోయినంత పనైంది. అది దారప్పోగు. అద్దం చెక్కుచెదరలేదు.

వదిన దాని ముందు కింద కూర్చుంది. అంచుల్లో మరకలు పట్టి, మధ్యలో మాత్రం తేటగా ఉంది.

"అమ్మ పొద్దున్నే పనికి వెళ్లేది" అంది, ఎవరికి చెబుతున్నదీ తెలియకుండా. "నేను లేచేసరికి దీని ముందు నిలబడి జడ వేసుకుంటూ ఉండేది. నేను వెనక మంచం మీద. నాకు కనిపించేది వీపు. ముఖం చూడాలంటే అద్దంలోనే చూడాలి. వచ్చేసరికి చీకటి. నాకు గుర్తున్న అమ్మ ముఖమంతా ఇందులోదే." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు పుట్టేసరికి అమ్మ పని మానేసింది. నీకు తెలీదు."

మైకమ్మకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే తన తప్పును కూడా వదినే ఓదార్చాల్సి వస్తుందని మింగేసింది.

వదిన భోజనానికి ఉండలేదు. వ్యాను ఖాళీగా తిరిగి వెళ్లింది. అద్దం తీసుకెళ్లమంటే, "చట్రం లేకుండా వ్యానులో వేస్తే ఇంటికి గాజుపెంకులు చేరతాయి" అంది. చెప్పులు వేసుకుంటూ ఆగి, వెనక్కి తిరిగింది.

"నువ్వే చెయ్యి. అడక్కుండా కొయ్యగలిగినదానివి, అడిగితే చెయ్యలేవా? నా గోడకు తగిలించేట్టు చట్రం కట్టి, నువ్వే తీసుకురా."

అది శిక్షో, పనో, రాజీయో మైకమ్మకు అర్థం కాలేదు. భర్తకూ అర్థం కాలేదు గానీ, "పోనీలే, పిడుగు పడుతుందనుకుంటే చినుకే పడింది" అన్నాడు. ఆమెకు మాత్రం పిడుగు ఇప్పుడే బయలుదేరినట్టుంది. అరచేతిలో పట్టే ఏనుగులు కోసే మనిషి నిలువుటద్దానికి చట్రం కట్టడమంటే మాటలా?

చెక్క కోసం వెతుక్కునే పని లేదు. మంచం కింద అత్తగారి పాత పై పలక ఉంది. దాన్నే నిలువునా నాలుగు పట్టీలుగా చీల్చింది. ఒక పట్టీ మీద ఎప్పటిదో నూనె సీసా అడుగు వలయంలా మరకపడి ఉంది. గీకేద్దామని గరుకు కాగితం తీసుకుని, మళ్లీ పెట్టేసింది. అడగకుండా ఇంకేదీ చెరపదలచుకోలేదు.

మూలలు కలపడం దగ్గర కథ అడ్డం తిరిగింది. రెండు పట్టీల చివరలూ ఏటవాలుగా కోసి ఒకదానికొకటి ఆనిస్తే మూలమట్టం పెట్టినట్టు కలవాలి. ఆమె కోసినవి కలిశాయి, మధ్యలో గోరు దూరేంత సందు వదిలి. సరిచేద్దామని ఇంకాస్త కోస్తే పట్టీ పొట్టిదయ్యేది. పొట్టిదైతే అద్దం పట్టదు. పలక ఒక్కటే, అత్తగారు మళ్లీ వచ్చి ఇంకొకటి ఇవ్వరు. ఉద్యోగం నుంచి రాగానే బల్ల ముందు నిలబడేది. రంపం తీసేది, కొలిచేది, కొయ్యకుండానే పెట్టేసేది. భయం లేని చోటు అనుకున్న ఆ ఒక్క మూలకూ భయం వచ్చి కూర్చుంది. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

"కొని ఇచ్చేస్తే పోదా? బజారులో రెడీమేడ్ చట్రాలున్నాయి" అన్నాడు భర్త.

"మీరు ఒకసారి చెప్పిన మాట విన్నాను. ఇప్పుడు ఊరుకోండి" అంది. ఆయన అంత పదునైన మాట ఆమె నోట మైకులో కూడా వినలేదు. ఊరుకున్నాడు. వెళ్లి చప్పుడు చెయ్యకుండా టీ పెట్టి తెచ్చి, పొట్టు పడకుండా మూత వేసి బల్ల చివర పెట్టాడు.

చివరికి ఆమె రంపం మానేసింది. పట్టీని వైసులో బిగించి, ఏటవాలు దిమ్మ ఒకటి ఆధారంగా పెట్టి, చిత్రికతో వెంట్రుక మందాన తీస్తూ పోయింది. తీయడం, కలిపి వెలుతురుకు ఎత్తి చూడడం, మళ్లీ తీయడం. ఒక మూల కుదిరింది. రెండోదీ, నాలుగోదీ కుదిరాయి. మూడోది కుదిరినట్టే కుదిరి, జిగురు ఆరాక కాస్త ముడుచుకుంది. ఆ మూలను ఆమె ఎన్ని కోణాల్లోంచి చూసిందో చెప్పలేం. అన్ని కోణాల్లోంచీ కనిపించింది.

అలాగే తీసుకుని బయలుదేరారు. బస్సులో భార్యాభర్తలిద్దరి మోకాళ్ల మీద అడ్డంగా అద్దం, దాని మీద దుప్పటి. తన బస్టాండులోనే, తన తోటి ఉద్యోగిని గొంతులో తన బస్సు పేరు వింటూ, ప్లాట్‌ఫారం సరిగ్గా చెప్పిందా అని కంగారుపడింది. దారిలో గతుకు వచ్చిన ప్రతిసారీ అద్దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకుంది. దిగేసరికి భుజాలు ఆమెవి కావు.

వదిన గోడకు మేకు ముందే కొట్టించి ఉంచింది. ముగ్గురూ కలిసి తగిలించారు. వదిన వెనక్కి జరిగి చూసింది, ముందుకు వచ్చి చూసింది. నూనె మరక మీద చెయ్యి ఆగింది. తరువాత నాడి చూసినట్టు మూల మూలా వేళ్లతో నొక్కుతూ వచ్చింది. మూడో మూల దగ్గర ఆగింది.

"ఇక్కడ సందుందే" అంది.

"ఉంది వదినా. జిగురు ఆరాక వచ్చింది. విప్పితే మొత్తం..."

"విప్పమన్నానా?" అంది వదిన. "కుట్లు వేసిన చోట మచ్చ ఉండదా ఏంటి? చేతులు కడుక్కోండి, భోజనం చల్లారిపోతోంది."

అంతే. క్షమించాననీ అనలేదు, మంచి పని చేశావనీ అనలేదు. కానీ ముగ్గురూ తింటున్నప్పుడు మైకమ్మ కంచంలో అడక్కుండానే రెండోసారి వడ్డించింది. ఆమె అంతకుముందు చాలా రోజులుగా సరిగ్గా తినలేదని ఆవిడకు ఎలా తెలిసిందో!

ఆ బల్ల ఇప్పటికీ వెనక గదిలో ఉంది. మైకమ్మ భయాలూ ఉన్నాయి, అవి ఎక్కడికీ పోలేదు. ఫోను మోగితే గుండె ఇంకా ఒక మెట్టు జారుతుంది. పైగా ఇప్పుడు అది తరచుగా మోగుతోంది. నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్నాయట వదినకు, కాళ్లు పెట్టుకోవడానికి ఒక చిన్న పీట కావాలట.

"ఎంత ఎత్తు చెయ్యమంటారు వదినా?"

"జానెడు చాలు."

"పీట కోళ్లు గుండ్రంగానా, పలకలుగానా?"

"నీ ఇష్టం" అని ఫోను పెట్టేసింది వదిన.

జీవితంలో ఎవరూ మైకమ్మకు ఇంత కష్టమైన మాట చెప్పలేదు. సాయంత్రం భర్త వచ్చేసరికి బల్ల మీద గుండ్రటి కోడు ఒకటి, పలకల కోడు ఒకటి పక్కపక్కన నిలబెట్టి, ఏది వదినకు నచ్చదో తేల్చుకోలేక చూస్తోంది.